వాయువుల సాంద్రతలు, గుణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో సైన్సు చదువుతారు. ఇంటికి వచ్చాక అదే విషయాన్ని అమ్మమ్మకో నాన్నకో తెలుగులో చెప్పాలి. ఈ ప్రాంతంలో రసాయన శాస్త్రం బోధించిన ఇన్నేళ్లలో వాయువుల గురించి పిల్లలూ పెద్దలూ నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వేరుగా చెప్పని చోట సాంద్రతలన్నీ 0 డిగ్రీల సెల్సియస్, ఒక వాతావరణ పీడనం దగ్గరివి.

సాంద్రత అంటే బరువేనా?

కాదు. ఒకే పరిమాణంలో, అంటే ఒక లీటరులోనో ఒక ఘనపు మీటరులోనో, ఎంత పదార్థం ఉందో చెప్పేది సాంద్రత. గది నిండా ఉన్న గాలి కిలోల లెక్కన తూగుతుంది, చిన్న సీసాలోని క్లోరిన్ కొన్ని గ్రాములే తూగుతుంది. అయినా లీటరుకు లీటరు పోల్చితే క్లోరినే బరువు. "ఈ వాయువు గాలి కంటే బరువు" అని మనం వాడుకలో అనేమాటకు అర్థం ఇదే.

ఏ వాయువు గాలి కంటే బరువో, ఏది తేలికో పట్టిక లేకుండా ఎలా తెలుస్తుంది?

ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం ఉంటే ఏ వాయువైనా సమాన పరిమాణంలో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయని 1811లో అవొగాడ్రో ప్రతిపాదించాడు. అణువుల సంఖ్య సమానమైనప్పుడు తేడా అంతా ఒక్కొక్క అణువు బరువులోనే ఉంటుంది. కాబట్టి వాయువు అణుభారాన్ని గాలి సగటు అణుభారమైన 29తో పోల్చితే చాలు: 29 దాటితే బరువు, దాటకపోతే తేలిక. గ్రాముల్లో కావాలంటే అణుభారాన్ని 22.4తో భాగించండి, లీటరుకు ఎన్ని గ్రాములో దాదాపుగా వస్తుంది.

ఈ లెక్కన హైడ్రోజన్ లీటరుకు 0.09 గ్రాములు, హీలియం 0.18, మీథేన్ 0.72, అమోనియా 0.77 గ్రాములు తూగుతాయి. నత్రజని, కార్బన్ మోనాక్సైడ్ రెండూ 1.25 దగ్గర ఉంటాయి. పొడిగాలి 1.29, ఆక్సిజన్ 1.43, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ 1.54, ఆర్గాన్ 1.78, కార్బన్ డయాక్సైడ్ 1.98, సల్ఫర్ డయాక్సైడ్ 2.93, క్లోరిన్ 3.2 గ్రాములు. ఈ అంకెలను బట్టీ పట్టనక్కరలేదు. 29 అనే ఒక్క సంఖ్య గుర్తుంటే మిగిలినవి రాబట్టుకోవచ్చు.

మా అబ్బాయి ఒడియా పుస్తకంలోని పేర్లకూ మాకు తెలిసిన పేర్లకూ సంబంధం ఉందా?

చాలా దగ్గర సంబంధం ఉంది. ఒడియాలో అమ్లజాన అన్నది మన ఆమ్లజని, అంటే ఆక్సిజన్. ఉదజాన మన ఉదజని, అంటే హైడ్రోజన్. యవక్షారజాన అంటే నత్రజని. కార్బన్ డయాక్సైడును వారు అంగారకామ్ల అంటారు, పాత తెలుగు పుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్నాయి. అంగారం బొగ్గు, ఆమ్లం పులుసు, రెండు పేర్లలోనూ ఉన్నది ఒకటే మాట. ఇది చెప్పిన రోజు తరగతిలో పిల్లల ముఖాలు వికసించడం నేను చాలాసార్లు చూశాను. పేరు పరాయిదన్న భయం పోతే సగం పాఠం వచ్చినట్టే.

వంటగ్యాసు లీకైతే పైకి పోతుందా, కిందికి దిగుతుందా?

కిందికి దిగుతుంది. ఇళ్లలో వాడే బండలో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. వాటి అణుభారాలు 44, 58 కాబట్టి అవి గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైన గ్యాసు నీళ్లలాగే నేల మీద పరుచుకొని, పల్లం ఉన్న వైపుకు జరుగుతుంది. మన పాత ఇళ్లలో వంటింటికి ఎత్తైన గడప ఉంటుంది. అది కట్టలాగా అడ్డుపడి గ్యాసును లోపలే నిలబెడుతుంది. నేలకు ఆనుకొని ఉండే తూము దానికి దారి ఇస్తుంది గాని, ఆ తూము మూసిన మురుగు కాలువలోకి వెళ్తే గ్యాసు అక్కడ నిలుస్తుంది.

దీని ప్రమాదం ఎంతో ఒక లెక్క చెబుతుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటిల్లు అనుకోండి. గాలిలో ఈ గ్యాసు దాదాపు 2 శాతానికి చేరితే అంటుకోగలదు. గది మొత్తం అలా కావాలంటే దాదాపు ఒక కిలో గ్యాసు లీకవ్వాలి. కానీ అది గదంతా సమంగా కలవకుండా కింది ఒక అడుగు మేరలోనే నిలిస్తే ఆ పొర అంటుకునే స్థితికి రావడానికి సుమారు 100 గ్రాములు చాలు. బండలో ఉండేది 14.2 కిలోలు. నిలబడి ఉన్న మనిషి ముక్కుకు వాసన బలంగా తగలకముందే పాదాల దగ్గర ప్రమాదం సిద్ధంగా ఉండవచ్చు. ఆ వాసన కూడా గ్యాసుది కాదు, లీకు తెలియాలని కలిపే ఇథైల్ మెర్కాప్టాన్‌ది.

కాబట్టి వాసన తగిలితే ఏ స్విచ్చీ వేయకూడదు, వేసి ఉన్నదాన్ని ఆర్పకూడదు; స్విచ్చులోని చిన్న నిప్పురవ్వ చాలు. పైన ఉన్న ఎగ్జాస్టు ఫ్యాను వేయాలని చాలామందికి తోస్తుంది, అదే అసలు చేయకూడని పని. చేతికి అందితే రెగ్యులేటరు కట్టేసి, కిటికీల కంటే ముందు నేల దాకా తెరుచుకునే తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చాక గ్యాసు లీకు అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి. బండను నేలమాళిగలోగాని, గుంటలోగాని పెట్టకూడదు.

గొట్టం ద్వారా వచ్చే గ్యాసు, వాహనాల సీఎన్జీ కూడా ఇలాగే ఉంటాయా?

ఉండవు. అవి ప్రధానంగా మీథేన్, అణుభారం 16. లీకైతే పైకి లేచి కప్పు కింద చేరుతుంది, అందుకే వాటికి గాలి దారులు పైన ఉండాలి. బండ వాడిన ఇంట్లో గొట్టం గ్యాసు పెట్టించుకునేవారు ఈ తేడాను తప్పక తెలుసుకోవాలి.

పాత నూతిలో దిగినవాళ్లు ఎందుకు పడిపోతారు? దీపం దించి చూస్తే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు నేను ఎప్పుడూ తొందరపడి జవాబు చెప్పను, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. నా చిన్నప్పుడు మా పెరటి నుయ్యి పూడిక తీయించే ముందు ఒక పెద్దాయన లాంతరును చేంతాడుకు కట్టి దించారు. రెండు నిలువుల లోతు దాకా అది నిబ్బరంగా వెలిగింది, తరువాత మంట పొట్టిదై, వణికి, అరిచేయంత దూరం దిగేలోగా ఆరిపోయింది. ఆయన ఆ రోజు పని ఆపించారు. ఆ మంట ఆరిన చోట ఏ గీతా లేదు, ఏ రంగూ లేదు. పైనా కిందా గాలి ఒకేలా కనిపించింది.

వాడకం లేని నూతిలో ఆకులు, చెత్త కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తాయి, కార్బన్ డయాక్సైడును వదులుతాయి. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి గాలి కదలని నూతిలో అడుగున నిలుస్తుంది. ధాన్యం పాతరలో కూడా గింజలు శ్వాసించడం వల్ల ఇదే జరుగుతుంది. గాలిలో ఈ వాయువు 10 శాతానికి చేరితే మనిషి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పగలడు.

దీనికి కాలం కూడా తోడవుతుంది. ఎండాకాలం పగలు బయట గాలి వేడెక్కి తేలికవుతుంది, నూతిలో గాలి చల్లగా, బరువుగా కుండలో నీళ్లలా కదలకుండా ఉంటుంది. చలికాలం రాత్రి మాత్రం బయటి చల్లగాలి బరువై లోపలికి దిగి, లోపలి వెచ్చని గాలిని పైకి నెడుతుంది. తెల్లవారుజామున నూతి మీద పొగమంచులా లేచేది ఆ గాలిలోని తేమే. అంటే పూడిక తీతలు ఎక్కువగా జరిగే వేసవిలోనే నూతిలో పాత గాలి పోయి కొత్త గాలి రావడం అతి తక్కువ.

ఇక దీపం సంగతి. ఆక్సిజన్ దాదాపు 16 శాతానికి తగ్గితే మంట ఆరుతుంది, కాబట్టి దీపం ఆరితే దిగకూడదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దీపం వెలిగితే దిగవచ్చన్నది నిజం కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువు కొద్దిగా ఉన్నా మనిషిని పడగొడుతుంది, దీపాన్ని ఆర్పదు. పైగా దాని వాసన మొదట తెలిసినా, మోతాదు పెరిగాక ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. సెప్టిక్ ట్యాంకులో అయితే మీథేన్ కూడా ఉంటుంది కాబట్టి అక్కడ మంట దించడమే ప్రమాదం. అటువంటి ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

వేపమండలు కట్టిన బొక్కెనను నూతిలో పైకీ కిందికీ ఆడించి గాలిని కదిలించే పాత పద్ధతి వెనుక ఆలోచన సరైనదే, కానీ లోతైన నూతికి అది చాలదు. బ్లోయరు గొట్టాన్ని అడుగు దాకా దించి తాజా గాలి ఊదాలి, వాయువులను కొలిచే పరికరంతో చూశాకే దిగాలి, దిగే మనిషి నడుముకు తాడు ఉండాలి. ఒకరు పడిపోతే కాపాడాలని వెనకే మరొకరు దిగకండి. అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం పక్కింటివాడు దిగి, ఒక్క ప్రమాదం మూడు చావులుగా మారుతుంది.

కార్బన్ డయాక్సైడ్ బరువైతే పొగ పైకి ఎందుకు పోతుంది?

వేడి వల్ల. వాయువు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. పొడుగు కొవ్వొత్తి, పొట్టి కొవ్వొత్తి పక్కపక్కన వెలిగించి, వెడల్పాటి గాజుపాత్రలో నిలబెట్టండి. వేరే చెంబులో వంటసోడా మీద నిమ్మరసం పిండి, పొంగు తగ్గాక ఆ చెంబును గాజుపాత్ర అంచు దగ్గర, ద్రవం కారకుండా, నీళ్లు వంచినట్టు వంచండి. కంటికి ఏమీ కనిపించదు గాని ముందు పొట్టి కొవ్వొత్తి ఆరుతుంది, తరువాత పొడుగుది. ఇప్పుడు రెండింటినీ మళ్లీ వెలిగించి, పొడవాటి గాజు జాడీని వాటి మీద బోర్లించండి. ఈసారి పొడుగు కొవ్వొత్తే ముందు ఆరుతుంది, ఎందుకంటే మంట నుంచి వేడిగా లేచిన వాయువు జాడీ పైభాగంలో ముందు చేరుతుంది.

రెండుసార్లూ కార్బన్ డయాక్సైడే. ఉష్ణోగ్రత ఒక్కటే మారింది. 30 డిగ్రీల గాలితో సమానంగా తేలిక కావాలంటే ఆ వాయువు సుమారు 187 డిగ్రీలకు వేడెక్కాలి. మంట నుంచి అప్పుడే వచ్చిన వాయువు అంతకంటే చాలా వేడిగా ఉంటుంది కాబట్టి పైకి పోతుంది.

చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకొని, మంచం మీద కాక నేల మీద పడుకుంటే ప్రమాదం తప్పుతుందా?

తప్పదు. కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి వైపు చలి రాత్రుల్లో ఈ ప్రశ్న నిజంగానే వస్తుంది. గాలి చాలని బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ సాంద్రత గాలితో దాదాపు సమానం, అందువల్ల అది గదంతా కలుస్తుంది; దాని నుంచి తప్పించుకోవడానికి పైనా లేదు, కిందా లేదు. రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మగతగా ఉండడం మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు. పొగ కనిపించని ఎర్రటి నిప్పులు క్షేమమన్నది అపోహ. పడుకునే ముందు కుంపటిని బయట పెట్టడం ఒక్కటే మార్గం.

బరువైన వాయువులు కిందికి దిగితే వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ అంతా నేల మీదే ఎందుకు పేరుకోలేదు?

పొడిగాలిలో నత్రజని 78.08, ఆక్సిజన్ 20.95, ఆర్గాన్ 0.93 శాతం, కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04. ఇవన్నీ కలిసిపోయి ఉన్నాయి, ఒకసారి కలిసిన వాయువులు సాంద్రతను బట్టి మళ్లీ విడిపోవు. అణువుల నిరంతర చలనం, గాలుల కదలిక వాటిని అలా విడిపోనివ్వవు. ఒకేచోట ఒకేసారి ఎక్కువగా వెలువడిన వాయువు, లేదా నూతిలోలా గాలి కదలని చోట పుడుతూనే ఉన్న వాయువు మాత్రమే పొరగా నిలుస్తుంది. సాంద్రత చెప్పేది వాయువు మొదట ఎటు పోతుందన్నది. ఆ తరువాతి సంగతి గాలీ, వేడీ, సమయమూ నిర్ణయిస్తాయి.

అమోనియా గాలి కంటే తేలిక కదా, ఐసు ఫ్యాక్టరీలో లీకైతే నేల మీద తెల్లగా ఎందుకు పాకుతుంది?

అణుభారం 17 కాబట్టి అమోనియా తేలికే. కానీ ఒత్తిడిలో ద్రవంగా ఉన్నది ఒక్కసారి బయటపడితే విపరీతంగా చల్లబడి, సన్నని తుంపరలతో, గాలిలోని తేమతో కలిసి బరువైన మేఘంగా మారుతుంది. వేడెక్కాకే పైకి లేస్తుంది. "తేలిక వాయువు, పైకే పోతుంది" అని అక్కడే నిలబడడం ప్రమాదకరం.

బరువైన విషవాయువు లీకైతే ఎటు పరుగెత్తాలి?

గాలి వీచే దిశకు అడ్డంగా, వీలైతే ఎత్తైన చోటికి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన స్టైరీన్ అణుభారం 104, అంటే దాని ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. క్లోరిన్ రెండున్నర రెట్లు బరువు. క్లోరిన్ కోసం ఫ్యాక్టరీ దాకా వెళ్లనక్కరలేదు. స్నానాలగదిలో బ్లీచింగు పౌడరు చల్లి, దాని మీద యాసిడ్ పోస్తే అదే పుడుతుంది, వంగి నేల తోముతున్న మనిషి ముఖానికి సూటిగా తగులుతుంది. ఆ రెండింటినీ ఎప్పుడూ కలపకండి.

జాతరలో అమ్మే బుడగల్లో ఉండేది హైడ్రోజనా, హీలియమా?

రెండూ ఉండవచ్చు. హైడ్రోజన్ హీలియం కంటే సగం సాంద్రతే కలది గాని, లేపే శక్తిలో తేడా చాలా స్వల్పం. బుడగను లేపేది గాలికీ లోపలి వాయువుకూ మధ్య తేడా: హైడ్రోజన్‌కు లీటరుకు 1.20 గ్రాములు, హీలియానికి 1.11. ఎనిమిది శాతం లాభం కోసం నిప్పు తగిలితే భగ్గుమనే వాయువును పిల్లల చేతికి ఇవ్వడం తగదు. హీలియం మండదు. దీపాల దగ్గరా, బాణసంచా దగ్గరా ఊరూపేరూ లేని బుడగలు కొనవద్దని నా సలహా.

వాన ముందు ఉక్కగా ఉన్నప్పుడు గాలి బరువెక్కుతుందా?

తేలికవుతుంది. నీటి ఆవిరి అణుభారం 18, అది 29 అణుభారపు గాలి స్థానంలో చేరుతుంది. 30 డిగ్రీల దగ్గర పొడిగాలి ఘనపు మీటరుకు 1.165 కిలోలైతే, పూర్తిగా తేమ నిండిన గాలి 1.146 కిలోలే. ఉక్కలో మనకు బరువుగా అనిపించేది చెమట ఆరకపోవడం.

కోరాపుట్‌లో గాలి నిజంగా పలచనా?

అవును. బరంపురం సముద్రమట్టానికి దగ్గరలో ఉంది, కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది; అక్కడ పీడనం పదో వంతు తక్కువ. నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. 1,672 మీటర్ల దేవమాలి శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టం దగ్గరికంటే దాదాపు అయిదో వంతు తక్కువ.

సాంద్రతను అంత ఖచ్చితంగా కొలవడం వల్ల ఎవరికి లాభం?

ఆర్గాన్ బయటపడింది అలాగే. 1890ల్లో లార్డ్ రేలీ గాలి నుంచి తీసిన నత్రజని లీటరుకు 1.257 గ్రాములనీ, రసాయనాల నుంచి తయారుచేసినది 1.2505 గ్రాములేననీ గమనించాడు. తేడా అర శాతం. కొలతలో పొరపాటని వదిలేయవచ్చు, ఆయన వదలలేదు. 1894లో ఆయన, విలియం రామ్సే కలిసి గాలి నత్రజనిలో దాగి ఉన్న కొత్త వాయువును వెలికితీశారు. లెక్క ఇప్పుడు మనమూ సరిచూడవచ్చు: 1.18 శాతం ఆర్గాన్, మిగిలినది నత్రజని అనుకుని సగటు కట్టండి, సరిగ్గా 1.257 వస్తుంది. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి.

హీలియం కథలో మన గడ్డకు కూడా చోటుంది. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. అప్పటి పరిశీలనలే సూర్యకాంతిలోని ఒక పసుపు గీత ద్వారా హీలియం జాడకు దారితీశాయి. భూమి మీద దాన్ని రామ్సే 1895లో పట్టుకున్నాడు.

గాలి బరువును ఇంట్లో తూచగలమా?

తూచగలం, కానీ రబ్బరు బుడగతో కాదు. అది ఉబ్బినకొద్దీ బయటి గాలి దాన్ని పైకి నెట్టి దాదాపు లెక్కంతా చెరిపేస్తుంది. ఆకారం మారని ఫుట్‌బాల్ తీసుకోండి. పంపుతో గట్టిగా గాలి కొట్టి గ్రాము దాకా చూపే త్రాసులో తూచండి, తరువాత సూది పెట్టి, బంతి చప్పబడకుండా, చప్పుడు ఆగేదాకా మాత్రమే గాలి వదిలి మళ్లీ తూచండి. అయిదున్నర లీటర్ల బంతిలో వాతావరణ పీడనంపై 0.8 రెట్లు అదనంగా కొట్టి ఉంటే, తేడా అయిదు గ్రాముల దగ్గర వస్తుంది.